శుద్ధి చేసిన ఇల్లు

మార్కాపురంలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని మా తమ్ముడు దానియేలు ఫోన్లో ఫొటోలు పంపినప్పుడు నేను దాన్ని గుర్తుపట్టలేదు. బూడిదరంగు గోడలు, స్టీలు గేటు, గేటుకు అటొకటి ఇటొకటి గుండ్రటి దీపాలు, లోపల మొహం కనపడే టైల్సు, నీలం లైట్లు పెట్టిన ఫాల్స్ సీలింగు. ఇట్లాంటి ఇళ్ళు ఇప్పుడు గిద్దలూరులోనూ ఉన్నాయి, కంభంలోనూ ఉన్నాయి. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. వాడు బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై, మిగిలిన కాలం మన వైపే ఉంటానని పట్టుబట్టి ఇల్లు వెతుకుతున్నాడు. "బాగానే ఉందిరా, ఏ వీధి?" అని అడిగినాను. "సరిగ్గా చూడక్కా. మలుపులో ఆ సన్న సందు చూడు," అన్నాడు. చూసినాను. అది ఖాసింబీ అవ్వ ఇల్లు. నేను ఏడేళ్ళ పిల్లప్పటి నుంచి టీచరు ట్రైనింగుకు పోయేదాకా పెరిగిన ఇల్లు.

మా నాయన బేస్తవారిపేట పక్కన పల్లెలో కూలికి పోయేవాడు. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి మనుషులు కావాలంట అని విని, అమ్మనూ మా ఇద్దరినీ ఒక ట్రంకుపెట్టెనూ తీసుకుని వచ్చినాడు. పని దొరికింది, ఇల్లు దొరకలేదు. ఆయన ఏ గడప ముందు నిలబడినా అద్దె సంగతి తర్వాత, ముందు "మీరేమోళ్ళు?" అనే మాట వచ్చేది. "ఏసును నమ్ముకున్నోళ్ళం" అనేవాడు నాయన. "అది సరేలే, అంతకు ముందు ఏమోళ్ళు?" అనేవాళ్ళు. చెప్పినాక, పోయిన వారమే వేరే వాళ్ళకు ఇచ్చినామనో, మా చుట్టాలు వస్తా ఉండారనో, ఏదో ఒకటి చెప్పి తలుపు వేసుకునేవాళ్ళు. కొందరు అదీ చెప్పేవాళ్ళు కాదు, నిలబడిన చోటు నుంచి కిందికి దిగమనేవాళ్ళు. పదిహేను రోజులు చర్చి వసారాలో పడుకున్నాం. అమ్మ ఆ రోజుల గురించి ఎప్పుడూ చెప్పేది కాదు. నాకు గుర్తున్నదల్లా దానియేలు కక్కుదగ్గు, ట్రంకుపెట్టె మూత మీద అమ్మ చెయ్యి.

ఫ్యాక్టరీలో ఎవరో చెప్తే చివరికి ఖాసింబీ అవ్వ దగ్గరికి పోయినాం. ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకుని పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తూ ఉంది. పెదాల మధ్య సన్న మేకులు, చేతిలో చిన్న సుత్తి. మొగుడు ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసి, పలకరాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని నడివయసులోనే పోయినాడు. ఉన్న ఒక్క కొడుకు నంద్యాలలో మెకానిక్కు. ఆమె మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని నాయనను రెండే రెండు ప్రశ్నలు అడిగింది. "తాగుతావా?" "లేదవ్వా." "పెండ్లాన్ని కొడతావా?" "లేదవ్వా." "అయితే ఎనకింట్లో దిగండి. పిల్లోనికి దగ్గు ఉండాది, ముందు లోపలికి తేండి," అన్నది. నాయన అక్కడే నిలబడి, "అవ్వా, మేమేమోళ్ళమో..." అని మొదలుపెట్టినాడు. ఆమె అప్పటికే మేకులు నోట్లో పెట్టుకుంది.

ఆ ఇంట్లో తెల్లవారడం అంటే వెనక పెరట్లో బావి గిలక కిర్రుమనడం. అవ్వ మొదటి చేద తోడి మొహం కడుక్కుని నమాజు చేసుకునేది. ఆమె లేచేసరికి అమ్మ పొయ్యి ముట్టించేది. పలకరాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, మట్టి మిద్దె, నేల మీద నాపరాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద చెంప ఆనించి పడుకుంటే చల్లగా, కొంచెం మట్టివాసనగా ఉండేది. అవ్వ వైపు నుంచి రంపపు పొట్టు వాసన, పచ్చి వార్నీషు వాసన, ఆమె తలకు రాసుకునే ఆముదం వాసన. మా వైపు నుంచి సజ్జరొట్టె వాసన. నాయన పని నుంచి వస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. ఆయనను లోపలికి రానిచ్చేది కాదు అవ్వ. "మా ఆయన మాదిరి దుమ్ము ఇంట్లోకి తేవద్దు, బాయికాడికి పో," అని కేకలేసేది. ఆయన తల మీద నుంచి నీళ్ళు పోసుకుంటుంటే, వెనక నిలబడి, "చెవుల్లో! చెవుల్లో కడుగు!" అని పిల్లోనికి చెప్పినట్టు చెప్పేది. శుక్రవారం ఆమె తల స్నానం, ఆదివారం మా చర్చి. ఆదివారం మేము బట్టలు కట్టుకుని బయలుదేరుతుంటే నా జడ విప్పదీసి, "ఇదేం జడే, ఎలుక తోక," అని మళ్ళీ అల్లేది. ఆమె నా తల మీద చెయ్యి వేసినప్పుడల్లా సుత్తి పట్టి అరచేతిలో కాసిన కాయలు గుచ్చుకునేవి.

ఆ వీధి అంతా అట్లనే ఉండేది, రకరకాల వాళ్ళు. టైలర్లు, పాలు పోసేవాళ్ళు, బండి లాగేవాళ్ళు, ఒక గుమాస్తా కుటుంబం, గొర్రెలు అమ్మడానికి వచ్చి ఉండిపోయిన వాళ్ళు. కలిసిమెలిసి ఉన్నారని నేను అబద్ధం రాయను. కలిసి ఉన్నారు, అంతే. మెలగడానికి మాత్రం ప్రతిదానికీ ఒక గీత ఉండేది, ఆ గీత ఎక్కడుందో పిల్లలకు కూడా తెలిసేది.

అవ్వ పెరట్లో బావినీళ్ళు తియ్యగా ఉండేవి. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పే. అందుకని నాలుగిళ్ళ వాళ్ళు ఆ బావికే వచ్చేవాళ్ళు. మేము దిగిన నెలలోపే పక్కింటి వెంకటసుబ్బమ్మ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. వెంకటసుబ్బమ్మ మొగుడు అవ్వకు ఫ్రేముల పని ఇచ్చే కాంట్రాక్టరుకు తమ్ముడు. ఆమె కూతురు రమణమ్మ నా తరగతే. నేను అరుగు మెట్టు మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. అమ్మ లోపలుంది, అంతా వినపడుతూనే ఉంది.

"ఖాసింబీ, వాళ్ళు చేద వేసిన బాయిలో మేం నీళ్ళెట్ల తోడుకుంటాం? ఖాళీ చేయించు," అన్నది వెంకటసుబ్బమ్మ.

అవ్వ సుత్తి కింద పెట్టింది. "ఈ బాయి ఎవురు తవ్వినారో తెలుసునా నీకు?"

"మీ ఆయన తవ్విచ్చినాడు. అయితే ఏంది?"

"తవ్విచ్చినోడు మా ఆయన. తవ్వినోళ్ళు వీళ్ళోళ్ళు. రాయి అడ్డం పడితే నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఎనిమిది దినాలు కొట్టినారు. వాళ్ళు నిలబడిన నీళ్ళే నువ్వు కాపరానికి వచ్చినప్పటి నుంచి తాగుతా ఉండావు. ఇప్పుడు చేద తాకితే చేదైనాయా?"

"మాటలు నేర్చినావులే. మేం రావడం మానేస్తే తెలుస్తాది."

"మానేయండి. బజారులో కొళాయి ఉండాది," అని అవ్వ మేకులు నోట్లో పెట్టుకుంది.

వాళ్ళు మానేసినారు. వారం తిరక్కుండా అవ్వకు ఫ్రేములు రావడం కూడా ఆగిపోయింది. కాంట్రాక్టరు మనిషి పలకల కట్టలు వేసుకుని మా గుమ్మం ముందు నుంచే పోయేవాడు, ఆగేవాడు కాదు. అవ్వ రోజూ పొద్దున్నే సుత్తి, మేకుల డబ్బా సర్దుకుని అరుగు మీద కూర్చునేది, పని లేకుండా. ఉపవాసాలేమీ లేని నెలలో ఆమె పొయ్యి ఒక పూటే వెలగడం అమ్మ కనిపెట్టింది. అమ్మ సంగటి పంపితే తినేసినానని తిప్పి పంపేది. ఒక సాయంత్రం నాయన ఆమె ముందు గొంతుకూర్చుని, "మేం పోతాంలే అవ్వా. నీ కూడు పోగొట్టి మేం ఈడ ఉండలేం," అన్నాడు. ఆమెకు వచ్చిన కోపం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. "పోతే పో. నీ కాళ్ళు నీయి. ఖాసింబీ పంపిచ్చిందని మాత్రం ఎవురితోనూ అనొద్దు. నేను పంపియ్యలా. పంపియ్యను," అన్నది. అన్నాక చీర కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ సంగటి ఏదో తే, తింటా," అన్నది.

మేము పోలేదు. నాయన ఇంకో ఫ్యాక్టరీ మేస్త్రీని బతిమాలి అవ్వకు పని పట్టుకొచ్చినాడు. ఎండాకాలం వచ్చేసరికి బజారు కొళాయిలో నీళ్ళు రావడం మానేసినాయి. ఒకరోజు పొద్దున రమణమ్మ చిన్న బిందె పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. అవ్వ నా వైపు చూసి, "తోడి పోయ్యే," అన్నది. తోడినాను, పోసినాను. రెండోరోజు పెద్ద బిందె తెచ్చింది. మూడోరోజు వెంకటసుబ్బమ్మే వచ్చింది. క్షమాపణలు, కన్నీళ్ళు అట్లాంటివేమీ జరగలేదు. నీళ్ళు తోడుకుని పోయింది, మర్నాడు మళ్ళీ వచ్చింది. అంతే.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, దానియేలుకు వచ్చింది. నాయన కూడా ఆ దుమ్ముతోనే పోయినాడు. అవ్వ పోయినప్పుడు నేను చంద్రశేఖరపురం దగ్గర పల్లెలో పనిచేస్తున్నాను, వచ్చేసరికి మట్టి చేసేసినారు. ఆమె కొడుకు ఇల్లు అమ్మేసి నంద్యాలకు పోయినాడు. ఆ పైన ఆ వీధికి పోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

ఇన్నేళ్ళకు దానియేలుతో కలిసి కొనేవాళ్ళలాగా పోయినాను. ఇల్లు చూపించడానికి ఒక బ్రోకరు వచ్చినాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచి షర్టు, మంచి మాట. మేము ఆ ఇంట్లో ఉన్నట్టు అతనికి చెప్పలేదు. నాపరాళ్ళ మీద టైల్సు పరిచినారు. మేము నలుగురం పడుకున్న గదిలో మాడ్యులర్ కిచెన్. పెరట్లోకి పోయి చూస్తే బావి లేదు. సిమెంటు చేసి కారు నిలిపే చోటు చేసినారు. "ఇక్కడ బావి ఉండాల కదా?" అన్నాను. "ఉండేదంట మేడం. పాత గోడలు పగలగొట్టిన రాళ్ళన్నీ అందులోనే వేసి పూడ్చినారు. పనికొచ్చింది," అన్నాడు. తియ్యటి నీళ్ళ బావి. టౌనంతా ట్యాంకర్ల కోసం బిందెలు వరసలో పెట్టుకుంటుంటే.

అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నేమో. అతను గొంతు తగ్గించి, "ఓపెన్‌గా చెప్తా మేడం. వీధిలో అన్ని రకాలోళ్ళు ఉండారు. అందుకే కాంపౌండ్ గోడ ఇంత ఎత్తు లేపినారు. మీకు ఏం కనపడదు. ఈ ఇల్లు కూడా ముందు ఎవురో సాయిబులదంట. ఎనక ఎవురెవురో అద్దెకుండేవాళ్ళంట. మీరు దాని గురించి దిగులు పెట్టుకోవద్దు, మొత్తం గుల్ల చేసి, శుద్ధి చేయించి, హోమం చేయిచ్చినారు," అన్నాడు. మాకు ధైర్యం చెప్తున్నాడు అతను! ఇంటికి ఉన్న మంచి గుణాలు చెప్తూ కిటికీలకు దోమతెర ఉందని చెప్పినట్టే, మా నుంచి ఇల్లు శుద్ధి అయిందని మాకే చెప్తున్నాడు. ఖాసింబీ అవ్వ రోజుకు ఐదుసార్లు కాళ్ళు చేతులు కడుక్కునే మనిషి. మా అమ్మ శనివారం సాయంత్రం ఆ నాపరాళ్ళను పీచు పెట్టి తోమేది. వాళ్ళు ఉన్న ఇంటికి శుద్ధి!

నేను నోరు తెరిచేలోపు అతను దానియేలును, "సార్ పేరు?" అని అడిగినాడు. మా తమ్ముడు, బ్యాంకులో ముప్పై ఏళ్ళు పైచిలుకు పనిచేసినవాడు, నేల వైపు చూస్తూ, "కుమార్," అన్నాడు. సర్టిఫికెట్లలో వాడికి ఆ పేరూ ఉంది. కాని ఆ క్షణంలో నాకు ఆ బ్రోకరు మీద కంటే వాడి మీదే ఎక్కువ మండింది. "దానియేలు కుమార్," అన్నాను నేను. "నా పేరు సువార్తమ్మ. ఆ అద్దెకున్న ఎవరెవరో మేమే." బ్రోకరు మొహంలో నవ్వు చెరగలేదు. దాన్నే నేను మర్చిపోలేకపోతున్నాను. "ఓ, అట్లనా మేడం! వెరీ గుడ్," అని తాళం వేసి, సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు. సాయంత్రం చేసినాడు. వేరే పార్టీ టోకెన్ ఇచ్చేసిందంట. రెండోరోజు నేను, నాతో పనిచేసిన సరస్వతమ్మ టీచరుతో అతనికి ఫోన్ చేయించినాను. ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది. ఇల్లు ఖాళీగానే ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చునంట.

ఆ ఇంటి ఓనరుకు హార్డ్‌వేర్ దుకాణం. పోయినాను. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, "టీచర్!" అన్నాడు. రెండో తరగతి, మూడో తరగతి నా దగ్గరే చదివినాడు. ఫ్యాను నా వైపు తిప్పినాడు, కూల్‌డ్రింకు తెప్పించినాడు. నేను సంగతి చెప్పినాను. తల వంచుకుని అంతా విని, "నాకేం పట్టింపు లేదు టీచర్. మీకు తెలుసు కదా నేను ఎట్లాంటోడినో. వీధిలో వాళ్ళు ఒప్పుకోరు. రేపు మీకే ఇబ్బంది అయితాది. మీ మంచికే చెప్తా ఉండా," అన్నాడు.

"ఎవరు ఒప్పుకోరు?"

"అందరూ, టీచర్."

"పేర్లు చెప్పు."

అతను ఫ్యాను ఇంకొంచెం నా వైపు తిప్పినాడు. నేను కూల్‌డ్రింకు తాగకుండా లేచినాను. ఆ వీధిలో ఉన్నవి పద్నాలుగు గడపలు. మోకాళ్ళ నొప్పులతోనే రెండు సాయంత్రాలు ప్రతి గడపా ఎక్కినాను. ఎక్కి, "ఆ ఇల్లు మేము కొంటే మీకు అభ్యంతరమా?" అని అడిగినాను. దానియేలు, "పరువు పోతాదక్కా, వద్దు," అని ఫోన్లో మొత్తుకున్నాడు. పరువు పోవలసింది ఎవరిదో వాడికి అర్థం కాలేదు. టైలరు బాషా, "నా మిషను చప్పుడు మీకు అభ్యంతరం లేకపోతే చాలమ్మా," అని నవ్వినాడు. బర్రెలున్న ఆమె ఏ ఇల్లు, ఎవరు కొంటున్నారు అని రెండుసార్లు చెప్పించుకుని, "మమ్మల్ని ఎవురూ అడగలేదే!" అన్నది. ఒక రిటైర్డు ఉద్యోగి, "అభ్యంతరం అని కాదమ్మా, ఆయన ఇల్లు, ఆయన ఇష్టం," అని టీవీ సౌండు పెంచినాడు. ఇద్దరు తలుపు తీయలేదు. మిగతావాళ్ళు, "మాకేం?" అన్నారు.

రమణమ్మ ఇల్లు చివరికి పెట్టుకున్నాను. జుట్టు పూర్తిగా నెరిసింది. చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది, కాఫీ ఇచ్చింది, నా పక్కనే కూర్చుని తానూ తాగింది. అంతా విన్నాక గ్లాసు అంచు కొంగుతో తుడిచింది.

"నాకు అభ్యంతరం లేదు సువార్తా. నువ్వు పక్కనుంటే నాకు తోడు. కాని నా పేరు ఆయనతో చెప్పొద్దు. నా కొడుకు ఆయన దుకాణంలోనే చేస్తా ఉండాడు."

"సరే," అన్నాను.

"మా అమ్మ నోటికొచ్చినట్టు అనేది. నేను అననులే. అంతే తేడా," అన్నది తనే. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసినాను, రాలేదు. కొడుకు కూడు. ఆ బెదిరింపు ఎట్లాంటిదో నాకు తెలుసు. కాకపోతే అదే బెదిరింపు ఖాసింబీ అవ్వకూ వచ్చింది కదా అని కూడా అనిపించింది.

మళ్ళీ దుకాణానికి పోయి, "పద్నాలుగిళ్ళు తిరిగినాను. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు," అన్నాను. అతను ఈసారి లేచి నిలబడలేదు. సామాను కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కౌంటరు దగ్గర ఉన్నారు. "టీచర్, ఇల్లు ఇప్పుడు అమ్మదలచుకోలేదు," అన్నాడు రసీదు పుస్తకం మీద నుంచి తలెత్తకుండా. రెండు నెలలు తిరగకుండా ఆ ఇంట్లో ఎవరో పాలు పొంగించుకున్నారు. ఎవరో నాకు తెలియదు. వాళ్ళ తప్పేమీ లేదు.

వెంకటసుబ్బమ్మ గుమ్మంలోకి వచ్చి అరిచేది. ఆ అరుపు ఎంత నీచమైనదైనా, అరిచిన మనిషి ఎదురుగా ఉండేది. అవ్వ ఆమె కళ్ళలోకి చూసి జవాబు చెప్పగలిగింది. ఇప్పుడు నాకు ఎదురుగా ఎవరూ లేరు. బ్రోకరును అడిగితే ఓనరు అంటాడు, ఓనరును అడిగితే వీధి అంటాడు, వీధిని అడిగితే మాకేం అంటుంది. అందరూ మర్యాదస్తులే. టీచర్ అంటారు, మేడం అంటారు, ఫ్యాను తిప్పుతారు. ఆ మర్యాదకు నేను ఏ మాట అన్నా నేనే నోటి దురుసు మనిషినైతాను. మేము చదువుకున్నాం, ఉద్యోగాలు చేసినాం, వాళ్ళ పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినాం. చర్చి వసారాలోంచి ఇంత దూరం వచ్చినామనుకున్నాను. నాయనను అడిగిన ప్రశ్నను ఇప్పుడు అడగకుండానే జవాబు చెప్పేస్తున్నారు, అదే మేము వచ్చిన దూరం.

దానియేలు, "నాకు ఇల్లు కావాలక్కా, పంచాయితీ కాదు," అని ఊరి బయట మనవాళ్ళే ఉండే కాలనీలో ఒక ఇల్లు తీసుకున్నాడు. మంచి గాలి వస్తుంది, చర్చి దగ్గర. "ఇక్కడ మనల్ని ఎవరూ ఏమీ అడగరు," అన్నాడు గృహప్రవేశం నాడు, సంతోషంగానే. అడగాల్సిన పని లేకుండా మనల్ని ఊరి బయట పెట్టేసినారురా అనాలనిపించింది. వాడికి భోజనం వడ్డిస్తూ ఆ మాట అనలేకపోయినాను.

ప్రార్థన అయినాక పాస్టరుగారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చిన్నవాడు, మంచివాడు. దానియేలు చెప్పి ఉంటాడు. "అమ్మా, మనసులో పెట్టుకోవద్దు. వాళ్ళను క్షమించేయండి. మీకే తేలికవుతుంది," అన్నారు మెల్లగా.

"క్షమాపణ అడిగితే క్షమిస్తాను పాస్టరుగారూ," అన్నాను. "ఇంతవరకు ఎవరూ అడగలేదు."